జనరేటర్ సంవత్సరీకం

పెరట్లో తుప్పు పట్టిన డీజిల్ జనరేటర్‌కు న్యాన్ సరదాగా సంవత్సరీకం పెట్టింది. దాని బదులు ఇంటి ఐసు మరను సోలార్ పలకలు నడపడం మొదలై ఏడాదైంది. ఆమె ఆరబెట్టే చేపలకు పొగవాసన పోయి, కొనేవాళ్లు మళ్లీ వస్తున్నారు.

ఉడికించిన కోడిని దాని ముందు నైవేద్యంగా ఉంచి, నేలలో అగరొత్తి గుచ్చుతుండగా, భర్త ఖాయ్ లారీలోంచి కొత్త జనరేటర్ దింపించాడు. పాతదానికి రెండింతలుంది.

"ఇదేంటయ్యా?"

"ఐసుకి గిరాకీ పెరిగిందే. సోలార్ చాలట్లేదు."

"అంత ఐసు ఎవరికంట?"

ఖాయ్ నెత్తి గోక్కున్నాడు. "కొండ పక్కన పెద్ద సోలార్ ప్లాంటు కడుతున్నారుగా... ఆ కూలీలకి."

న్యాన్ అగరొత్తి పీకి కొత్తదాని ముందు గుచ్చింది.

"పోయినాయనే మళ్లీ పుట్టాడు. ఒళ్లు కూడా చేశాడు!"

తర్వాత, చేపల దండెం ఎటు మార్చాలో తెలియక, గాలి ఎటు వీస్తోందో చూసింది.