మేడమీది తాళంచెవి

మాతే అనే ఆకు కషాయం తాగే సొరబుర్రని కూడా వాల్డెమార్ పెట్టెలో సర్దేసరికి నెలిదాకి కంగారు పుట్టింది.

ఇల్లొదిలి పోతానని మొగుడు ఇంతకుముందూ చాలాసార్లు బెదిరించాడు. చొక్కాలు సర్దేవాడు, బూట్లు సర్దేవాడు, బుర్ర మాత్రం బల్లమీదే ఉండేది. మాంటెవిడియోలో అది లేకుండా ఎవరూ వీధి చివరిదాకా కూడా పోరు కాబట్టి ఆవిడ ఎన్నడూ లెక్కచెయ్యలేదు. ఈసారి అదీ పెట్టెలోకెక్కింది.

తప్పు ఆవిడదే, పైకి ఒప్పుకోదు గానీ. రాత్రి లోపల్నుంచి తాళం వేసి, తాళంచెవిని అందులోనే వదిలేసి పడుకుంది. లోపల ఒకటి ఉంటే బయటినుంచి ఇంకోటి దూరదు. పేకాట ముగించుకొచ్చిన వాల్డెమార్ బలవంతంగా దూర్చబోతే అతని తాళంచెవి కాస్తా వంకరపోయింది. బెల్లు కొట్టినా ఆవిడకి మెలకువ రాలేదు. తెల్లారి తలుపు తీసేసరికి మెట్లమీద ముడుచుకు కూర్చునున్నాడు. లోపలికొచ్చి, తలుపుని మడమతో ఫెడీమని తన్ని, నేరుగా అటకమీంచి పెట్టె దించాడు.

"కావాలనే చేశావు."

"మర్చిపోయాను."

"తాళాలు బాగుచేసేవాడి కూతురివి, నువ్వు మర్చిపోతావా?"

అదీ నిజమే. ఆ తలుపుకి పైన గడియ, పక్కన గొలుసు, మూయగానే తనంతట తానే పడి, లోపల్నుంచి పిడి తిప్పితే చాలు వెనక్కి పోయే నాలుక, రెండు చుట్లు తిరిగే తాళం, అన్నీ ఆవిడే పెట్టించింది. ఏది ఎందుకో వందసార్లు చెప్పింది. జీవితమంతా బస్సు నడిపిన మొగుడు వింటున్నంతసేపూ ఆవలించి, ఇది ఇల్లా బ్యాంకా అని వెక్కిరించేవాడు.

"నీ తాళంచెవి ఇలా పడెయ్. పేసాందూ ఊళ్ళో తమ్ముడింటికి పోతున్నా."

ఉండమని ఒక్క మాటంటే సరిపోయేది. నెలిదా మేకుకున్న గుత్తిలోంచి, మేడమీద బట్టలారేసే గది తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి వంటింట్లోకి తప్పుకుంది. మొగుడికి తాళంచెవులన్నీ ఒకేలా కనిపిస్తాయని ఆవిడ ధీమా.

"తిరగట్లేదే," అన్నాడు వాల్డెమార్ గుమ్మం దగ్గర్నుంచి.

"తలుపు కాస్త పైకెత్తి తిప్పు. గడియ తీశావా?"

"తీసే ఉంది."

"గొలుసు?"

"అదీ తీసే ఉంది. దీని దుంపతెగ, కదిలి చావదు."

మూలుగులు, గుద్దులు, తిట్లు. తాళాలవాణ్ణి పిలుద్దామంటే ఆదివారం ఎవడూ రాడంది ఆవిడ. కాసేపటికి అతను వంటింటి గుమ్మంలో తేలాడు.

"ఏం వండుతున్నావు?"

"సాసేజి ముక్కలేసి మసూరుపప్పు."

"ఎలాగూ పోలేను కాబట్టి ఓ గరిటె వెయ్యి."

మూడు గరిటెలు తిన్నాడు. ఆనక పెట్టె తెరిచి, బుర్ర తెచ్చి బల్లమీద పెట్టి, వేణ్ణీళ్ళు పెట్టమన్నాడు. నెలిదాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈ మనిషి నిజంగా పోయుంటే తనేమైపోయేదో తలుచుకోవడానికే భయమేసింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

పొయ్యిమీద నీళ్ళు పెట్టి, మొగుడి కంటపడకముందే తలుపులోనే ఉండిపోయిన ఆ మేడమీది తాళంచెవిని తీసేద్దామని పిల్లిలా ముందుగదిలోకి నడిచింది. దానిమీద చెయ్యి పడిందో లేదో, వంటింట్లోంచి వాల్డెమార్ గొంతు వినిపించింది.

"ఇప్పుడైనా అసలు తాళంచెవితో తాళం వెయ్యవే ముసలీ, పొద్దుట్నుంచీ తలుపుకి తాళమే లేదు, పిడి తిప్పితే వచ్చేసేది."