నాలుగో వైన్

వైన్ మాస్టర్‌కి పొద్దుటి నుంచీ ముక్కు పూర్తిగా మూసుకుపోయింది.

కోపం మాత్రం ఆ ముక్కు మీదే ఉంది.

ఏ వంటకం పక్కన ఏ వైన్ పోయాలో వాసన చూసి చెప్పడమే అతని ఉద్యోగం. అలాంటివాడికి జలుబంటే వంటవాడికి నాలుక లేనట్టే. సెలవు పెట్టొచ్చు. కానీ రెస్టారెంట్ ఓనరు ముందే చెప్పేశాడు.

“ఈ సాయంత్రం పదిమంది వస్తున్నారు. ఐదు వంటకాలు, ఐదు వైట్ వైన్లు. ఒక్కటి తేడా వచ్చినా రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

అందుకని జలుబు సంగతి ఎవరికీ చెప్పలేదు. సీసా మీద పేరు చూసి పోస్తే ఎవడికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

మూడో వైన్ దాకా బాగానే నడిచింది. సూపుతో కాస్త పుల్లటిది, చేపతో తేలికైనది, రొయ్యలతో పళ్ల వాసన వచ్చేది. పదిమందీ బాగుందన్నట్టు తలలూపారు.

నాలుగోది పన్నెండేళ్ల నాటిది. వెన్నలో వేయించిన కోడితో పోయాలి. ఉన్నది ఒక్కటే సీసా. మూలనున్న చిన్న బల్ల పక్కన నిలబడి బిరడా తీశాడు.

ఆ బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుంది. ముతక స్వెట్టరు. గోళ్ల సందుల్లో మట్టి.

“బాబూ, అది పోయకు. పాడైంది” అందావిడ మెల్లగా.

అతనికి ఒళ్లు మండింది.

“మీరు తినండి మేడమ్. మా పని మాకు తెలుసు.”

“ఒక్కసారి వాసన చూడు నాయనా.”

గ్లాసులో చుక్క పోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మంచినీళ్లైనా, కిరోసినైనా అతనికి ఆ పూట ఒకటే.

“అద్భుతంగా ఉంది” అన్నాడు.

ఆవిడ అతని ఎర్రబడ్డ ముక్కు వంక చూసింది.

సీసా పట్టుకుని అతను పదిమందీ కూర్చున్న పెద్ద బల్ల వైపు కదిలాడు. ఆవిడ లేచింది. ఆవిడ మోచెయ్యి సీసాకి తగిలింది.

సీసా నేల మీద పడి భళ్లున పగిలింది.

“కళ్లు నెత్తికెక్కాయా?” అని అరిచాడు. “ఇలాంటిది ఇంకెక్కడా లేదు! ఇదే ఆఖరి సీసా!”

“తెలుసు” అందావిడ.

“తెలిసే పడేశారా? మట్టి చేతులతో వచ్చి కూర్చుని మాకు పాఠాలు చెప్తారా? ముందు బయటికి నడవండి!”

తల్లి వయసు మనిషిని అంతమాట అనడానికి నోరెలా వచ్చిందో!

“తప్పు నాదే. ఆయనది కాదు” అందావిడ, పెద్ద బల్లకి వినపడేలా. కోడి ప్లేటు రాకముందే వెళ్లిపోయింది. అతను వెనకే వెళ్లి తలుపు దభీమని వేశాడు.

బదులుగా ఇంకో వైన్ తెచ్చి పోశాడు. “ఎవరో పడేస్తే మీరేం చేస్తారు లెండి” అని పదిమందీ అతన్నే ఓదార్చారు.

అప్పుడు వచ్చాడు ఓనరు, వంటింట్లోంచి.

“ఏమిటీ కంపు? తడిసిన అట్టపెట్టెలా!”

వంగి ఒక గాజుపెంకు తీసి వాసన చూశాడు. మొహం మాడిపోయింది.

“బిరడా చెడి వైనంతా పాడైంది. ఇది వాళ్లకి పోశావా?”

“లేదండీ. పోసేలోపే పగిలిపోయింది.”

“మరి నీ ముక్కేం చేస్తోంది?”

“జలుబండీ.”

ఓనరు పళ్లు కొరికాడు.

“పోసుంటే ఈపాటికి నీ ఉద్యోగం ఊడేది. ఎవరు పగలగొట్టారు?”

“మూల బల్ల దగ్గరావిడ. బయటికి గెంటేశాను.”

ఓనరు ఆ ఖాళీ కుర్చీ వంక చూస్తూ ఉండిపోయాడు.

“మొగుడూ తనూ కలిసి చేసిన చివరి వైన్‌రా అది. ఆయన పోయాక పన్నెండేళ్లు దాచుకున్న ఒక్క సీసా నా చేతికిచ్చి, నలుగురూ తాగుతుంటే ఓ మూల కూర్చుని చూసిపోతానందిరా ఆవిడ.”