ఎడమ సగం

"నీ చేతి కూడంటే నా కొడుక్కి రోత" అంటూ అక్కమ్మ పళ్ళేన్ని కోడలి ముందుకు తోసింది.

రాగిసంగటి ముద్దలో కుడి సగమే ఖాళీ అయింది. ఎడమ సగం, పక్కనున్న ఊరిబిండి పచ్చడి అట్లాగే ఉన్నాయి. వాటిమీద ఈగలు ముసిరాయి. భర్త గిరి ఎడమ చెంప మీద ఎండిన ఎంగిలిని లక్ష్మీప్రసన్న కొంగుతో తుడిచింది.

"రోత కాదత్తా. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పట్నుంచి ఆయనకు ఎడమపక్క కనపడదు. మెడ తిప్పి చూసుకునేది ఆస్పత్రిలో నేర్పిస్తాండారు."

"తిరిగేదానికి వాడేమన్నా గానుగెద్దా? నేను పెడితే మెతుకు మిగల్చడు."

అది నిజమే. అత్త గోరంట్ల నుంచి వచ్చినప్పటి నుంచి, ఆమె వడ్డిస్తే చాలు, పళ్ళెం కడిగినట్టు బయటికొస్తోంది. ఎడమ సగం కుడివైపుకు వచ్చేట్టు ఆమె పళ్ళేన్ని తిప్పిపెడుతోందని లక్ష్మీప్రసన్న అనుమానం. అట్లా తిప్పితే మనిషికి మెడ తిప్పడం ఎన్నటికీ అలవాటు కాదని వ్యాయామం చేయించే డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

కొడుకును గోరంట్లకు తీసుకుపోతానని అక్కమ్మ పట్టుబట్టింది. పోతే అనంతపురం ఆస్పత్రి, వ్యాయామాలు అన్నీ ఆగిపోతాయి. ఇక బిడ్డ ఎడమపక్కన వచ్చి నిలబడినా ఆ తండ్రికి కనబడదు.

తీర్పు చెప్పడానికి వచ్చిన అక్కమ్మ అన్న నారాయణప్ప, ఈగల పళ్ళేన్ని చూసి మొహం చిట్లించాడు.

"మధ్యాన్నం మా చెల్లెలు పెడుతుంది. పళ్ళెం ఖాళీ అయితే వాడు గోరంట్లకే. ఏం పాపా?"

"పళ్ళెం తిప్పకుండా అయితే సరే మామా."

తిప్పనని అక్కమ్మ కదిరి నరసింహస్వామి మీద ఒట్టు పెట్టింది.

ఆమెకు ఆ శనివారం ఒక్కపొద్దు. పొద్దు గూకేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. అయినా తనే సంగటి కెలికి, తినేటప్పుడు నలుగురూ చూస్తే దిష్టి తగులుతుందని కొడుకుతో గదిలోకి పోయి తలుపేసుకుంది.

"కడుపు మాడ్చుకుని కొడుక్కి పెడతాండాది. తల్లంటే అదీ" అన్నాడు నారాయణప్ప.

అత్త పళ్ళెం తిప్పేటప్పుడు పట్టుకోవాలని లక్ష్మీప్రసన్న పెరట్లోకి పోయి కిటికీ సందులోంచి చూసింది.

పళ్ళెం తిరగలేదు. గిరి కుడి సగాన్ని నిదానంగా తింటున్నాడు.

అతని ఎడమపక్కన ఆనుకుని కూర్చున్న అక్కమ్మ, అదే పళ్ళెంలో చెయ్యి పెట్టి, ఎడమ సగాన్ని గబగబా మింగుతోంది.