ఆండాలు ప్రెజెంట్

"స్వీటీ, నందు! ప్రిన్సిపాల్ సార్ పిలుస్తుండు. జల్ది రావాల్నంట," అని అటెండర్ శివయ్య తలుపు దగ్గర నుంచే అరిచి వెళ్లిపోయాడు. 

"దొరికిపోయినం," అంది స్వీటీ మెట్లెక్కుతూ.

"గట్లెట్ల దొరుకుతం? శుక్రవారం సంగతి సోమవారం ఎవడడుగుతడు?" అన్నాడు నందు. 

శుక్రవారం పొద్దున ఫిజిక్స్ మేడమ్ "ఆండాలు" అని పిలిచినప్పుడు, తల వంచి గొంతు మార్చి "ప్రెజెంట్ మేడమ్" అన్నది స్వీటీయే. ఆ సమయానికి ఆండాలు బెంగుళూరులో ఉంది. చక్రాల బూట్ల మీద, జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో మొదటి రౌండు ఆడుతోంది. శనివారం రెండో రౌండు. ఆదివారం పేపర్లో బంగారు పతకంతో ఫోటో! గౌలిపురా గల్లీలో ఒకటే టపాకాయలు.

"నేన్ ముందే చెప్పిన, ఒక సంవత్సరం కాలేజ్ బంద్ పెట్టుమని," అన్నాడు నందు. "గాల్లో గిర్రున తిరిగి ఒంటికాలు మీద దిగే పిల్లకు ఫిజిక్స్ దేనికే?"

"నీయవ్వ, చదువు బంద్ పెడితే ఇంక ఆమె ఆండాలెట్లయితది? ఫంక్షన్ హాలు బండల మీద ప్రాక్టీస్ చేసి ఛాంపియన్ అయింది. ఇంత పెద్ద కాలేజ్‌ల సీటు కూడా కొట్టింది. ఉన్నరా ఇంకెవరన్నా?"

"అటెండెన్స్ తగ్గితే హాల్‌టికెట్ ఇయ్యరు. గప్పుడేం చేస్తది?"

"అందుకే గదరా మనం ఉన్నం!"

ప్రిన్సిపాల్ శ్రీహరిరావు గారి ఎదుట సఫారీ డ్రస్సులో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తోలు బ్యాగు. స్వీటీకి చూడగానే అర్థమైపోయింది. యూనివర్సిటీ మనిషి! పోయిన నెల ఇలాంటి సఫారీ వాళ్లే పక్క కాలేజీలో దిగి, హాజరు చాలదని సగం క్లాసుకు హాల్‌టికెట్లు ఆపేశారు.

"వీరు వైకుంఠం గారమ్మా. వీరు..." అని ప్రిన్సిపాల్ మొదలుపెట్టారు.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "నేనెవరో తర్వాత చెప్దాం సార్. ముందుగాల పిల్లలను అడగనియ్యండి. బిడ్డా, శుక్రవారం పొద్దున ఆండాలు క్లాసుకు వచ్చిందా?"

"వచ్చింది సార్!" స్వీటీ ఊపిరి కూడా తీసుకోలేదు. "ఫస్ట్ అవర్ నుంచి ఉంది. నా పక్కనే కూసుంది."

"మరి బెంగుళూరుకు ఎప్పుడు పోయింది?"

స్వీటీ నందు వైపు చూసింది. నందు ముందుకొచ్చాడు.

"సాయంత్రం సార్. కాచిగూడ స్టేషన్ల నేనే రైలెక్కిచ్చిన. బూట్ల బ్యాగు గూడ నేనే మోసిన. మస్తు బరువుంది సార్."

ఎంత బాగా అల్లాడు వీడు! స్వీటీకీ హుషారొచ్చింది. "మధ్యాహ్నం నా డబ్బాల పులిహోర తిన్నది సార్. ఉప్పెక్కువైందని లొల్లి గూడ చేసింది."

శ్రీహరిరావు గారు కళ్లజోడు తీశారు. "కాస్త ఆలోచించుకుని చెప్పండమ్మా. ఇది చాలా పెద్ద విషయం. అబద్ధమైతే ఇప్పుడే చెప్పేయండి, నేనేమీ అనను."

అబ్బో, ఇట్లనే అంటరు, ఒప్పుకోంగానే పట్టుకుంటరు, అనుకుంది స్వీటీ. "మా అమ్మ తోడు సార్!"

వైకుంఠం నుదురు రుద్దుకున్నాడు. "ఆ పిల్ల మాత్రం శుక్రవారం కాలేజీకి రాలేదని చెప్పింది. ఇప్పుడే, ఈ గదిల్నే."

స్వీటీ మనసులో తిట్టుకుంది. పిచ్చిది! దాని హాల్‌టికెట్ అదే చింపుకుంది! ఇప్పుడు ఎవరు కాపాడాలి? ఎవరున్నారు ఇంక?

"ఆమె గట్లనే సార్," అంది గబగబా. "అంత పెద్ద ఆట ఆడొచ్చినంక దినాలేం యాదుంటయి? మీరు ఆమె మాట పట్టుకోకుండ్రి. కావాల్నంటే క్లాసు మొత్తాన్ని అడగండి, అందరు చెప్తరు."

"అందరు చెప్తరా?"

"అందరు సార్!" అన్నారిద్దరూ ఒకేసారి.

 ఆయన బ్యాగు జిప్పు లాగి మెల్లగా లేచాడు. గెలిచాం అనుకుంది స్వీటీ. నందు చేతిని గట్టిగా నొక్కింది కూడా.

"సార్, అయితే అటెండెన్స్ కట్ చేయరు గదా?"

"అటెండెన్సా?" వైకుంఠం వింతగా చూశాడు. "మీ అటెండెన్స్‌తో నాకేం పని బిడ్డా? నేను స్కేటింగ్ సంఘం నుంచి వచ్చిన. రెండో ప్రైజొచ్చిన పిల్ల తండ్రి కంప్లెయింట్ ఇచ్చిండు. ముఖాన అంత రంగు పూసుకుంటరు గదా, మొదటి రౌండు ఆడింది అసలు ఆండాలే కాదు, ఆ దినం కాలేజ్ రిజిస్టర్ల ఆమె ప్రెజెంట్ ఉంది అని. నేను నమ్మలే. దోస్తులెవరో ప్రాక్సీ చెప్పి ఉంటరు, ఆ ఒక్క ముక్క మీ నోట విని పోదామని వచ్చిన."

స్వీటీ నందు చేతిని వదిలేసింది. 

"ఇప్పుడు మీరే చెప్పుండ్రి," అన్నాడాయన. "ఆండాలు నీ పక్కన కూసుంటే, శుక్రవారం పొద్దున బెంగుళూరుల ఆమె పేరు మీద ఆడిన పిల్ల ఎవరు?"