ఒంటి మీది ఆకులు

"మా వంశంలో ఫిట్సన్న మాటే లేదు. ఇది కడుపుతో ఉన్నప్పుడు మెట్ల మీంచి జారింది, పాపకిలా వచ్చింది!" డాక్టరు గదిలో కుర్చీలో కూర్చోకుండానే నాయనమ్మ తీర్పు చెప్పేసింది.

కోడలు తల దించుకుంది. ఆరేళ్ల పాప బల్ల మీద కాళ్లూపుతూ కూర్చుంది. ఈ నెలలో నాలుగుసార్లు క్లాసులో ఫిట్స్ వచ్చాయి. రేపటి నుంచి బడి మాన్పించాలని పెద్దావిడ తేల్చేసింది. ఆ ముక్క డాక్టరు చేత కూడా అనిపిస్తే కోడలి నోరు మూతపడుతుందని పనిగట్టుకుని వెంట వచ్చింది.

డాక్టరమ్మ పాప చొక్కా పైకెత్తి, కిటికీ తెర లాగి, లైటు ఆర్పి, చేతిలో ఇమిడే ఊదారంగు దీపం వెలిగించింది.

నాయనమ్మ ముందుకు వంగింది. పాప పొట్ట మీదా వీపు మీదా తెల్లగా మెరుస్తూ ఆకులు! ఒకటి, రెండు... ఐదు. ఒక కొస గుండ్రంగా, ఇంకో కొస సన్నగా.

"నలభై ఏళ్లుగా మొక్కల నర్సరీ నడుపుతున్నా. మనిషి ఒంటి మీద ఆకులు చూడలేదమ్మా!" ఆవిడ వేలితో ఒక ఆకుని తడిమింది. "రోజూ స్నానం చేయించేది నేనే. ఎలా కనబడలేదు?"

"మామూలు వెలుగులో ఇవి లేత మచ్చలంతే. తల్లి కడుపులో చర్మం, మెదడు ఒకే పొర నుంచి పుడతాయి. చర్మం మీద ఈ ఆకులుంటే మెదడులోనూ చిన్న గడ్డలుండొచ్చు. ఫిట్స్ అక్కణ్నుంచే. అరుదైన జబ్బు, కొన్నిసార్లు వంశంలోంచీ వస్తుంది. స్కాన్ తీస్తే తెలుస్తుంది. జారిపడితే వచ్చేది కాదు, మీ కోడలి తప్పేం లేదు."

"అంటే వేళ్లు లోపలున్నాయన్నమాట," అంది నాయనమ్మ మెల్లగా. కోడలు మొదటిసారి తలెత్తింది.

పాప దీపం లాక్కుని అమ్మ చేతి మీద వేసింది. ఏమీ లేదు. నాయనమ్మ చటుక్కున చేతులు వెనక్కి దాచుకుంది. పాప ఊరుకుంటేనా! లాగి మరీ చూసింది. ఏమీ లేదు. పెద్దావిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటే నోరూ లేచింది.

"తప్పెవరిదైతేనేం? దీనికి చదువెక్కుతుందా?"

"అందరికీ ఒకేలా ఉండదు. మందులు వాడుతూ చూడాలి. బడి మాత్రం మాన్పించకండి."

"మీరలాగే అంటారు. ఇలాంటి ఆకులతో పుట్టి, చదువుకుని బాగుపడ్డవాళ్లని ఒక్కరిని చూపించండి, మాన్పించను!"

డాక్టరమ్మ తెల్లకోటు చెయ్యి మోచేతి దాకా మడిచి, పాప పట్టుకున్న దీపం వెలుగులోకి తన చెయ్యి చాపింది.

"నాయనమ్మా! డాక్టరమ్మ ఆకు నా ఆకులకన్నా పెద్దది!"