నల్ల అట్ట పుస్తకం

"ఇంట్ల పెద్దోళ్లు ఎవరూ లేరా?"

గుమ్మంలోనే నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు కిషన్‌రావు.

గిన్నెలు తోముతున్న నెరిసిన జుట్టావిడ లేచి, బూడిద చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎవ్వరు లేరు సారూ. మౌల్వీ సాబ్ పోయి నెలాయె. నేనే ఉన్న."

పనిమనిషి అనుకున్నాడు.

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడు అది. సూర్యాపేటలో ఓ మౌల్వీ అరబ్బీ తర్కశాస్త్రానికి గొప్ప వ్యాఖ్యానం రాశాడనీ, ఆ రాతప్రతిని భద్రంగా తెమ్మనీ హైదరాబాద్ గ్రంథాలయం వాళ్లు కిషన్‌రావును పంపారు.

ఆమె తెరిచి చూపిన మౌల్వీ పెట్టెలో రెండు పుస్తకాలున్నాయి. ఒకదాంట్లో ముత్యాల్లాంటి అక్షరాలు, చుట్టూ బంగారు గీత. రెండోది నల్ల అట్టది. అంచుల నిండా చీమల బారుల్లాంటి రాతలు, కొట్టివేతలు.

బంగారు గీతల పుస్తకం చంకన పెట్టుకున్నాడు.

"గది ఉత్త నకలే సారూ. అసలు సంగతంత గీ నల్లదాంట్ల ఉన్నది."

కిషన్‌రావు పగలబడి నవ్వాడు.

"నువ్వు సదివినవా? ఇది తర్కం. అంబలి కాసుడు కాదు. ఆడోళ్ల బుర్రకెక్కేది కాదు."

"లోకంల ఆడోళ్లందర్నీ సూసొచ్చి సెప్తున్నరా సారూ?"

"నోరు లేస్తున్నదే! ముందు గిన్నెలు తోముకో."

నల్ల పుస్తకాన్ని కాలితో పక్కకు నెట్టి వెళ్లిపోయాడు. ఆమె వంగి దాన్ని తీసుకుంది. కొంగుతో దుమ్ము తుడిచింది.

హైదరాబాద్‌లో పెద్దాఫీసరు హఫీజ్ సాబ్ నాలుగు పేజీలు తిప్పి, పుస్తకం బల్ల మీద పడేశాడు.

"గిది ఉత్త మూలగ్రంథం, యాడనైనా దొరుకుతది. వ్యాఖ్యానమేది? ఆ మౌల్వీ సాబ్ ఉత్తరమొస్తే ఇక్కడి పండితులు లేచి నిలబడి సదివెటోళ్లు, ఎరుకేనా? అంచులకు రాసుకున్న ప్రతి ఉండాలె. పో, తీస్కరా."

గొణుక్కుంటూ మళ్లీ బస్సెక్కాడు కిషన్‌రావు.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి సోమమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.

"ఈడ పనిచేసే ముసల్ది యాడ?"

"నిన్ననే బస్సెక్కింది సారూ. ఏ ఊరో సెప్పలే. ఒక మూట, ఒక నల్ల పుస్తకం, గంతే."

"పుస్తకం ఎత్తుకపోయిందా? దొంగముండ!"

సోమమ్మ చేతిలో పని ఆగింది. అతణ్ని ఎగాదిగా చూసింది.

"దొంగనా? 'రాతలన్నీ నా బిడ్డవే, పేరొక్కటే నాది' అని మౌల్వీ సాబ్ పోయేదాక ఈ అరుగు మీదనే కూసోని సెప్పుకున్నడు సారూ, గా బిడ్డ ఆమెనే."