నీళ్లమీద హంస

కాకినాడలోని ఆ అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో, ఎవరో వదిలేసిన, గాలి నింపిన పెద్ద హంస బొమ్మ కింద చిక్కుకుని దుర్గాశ్రీ కూతురు చనిపోయింది. చుట్టూ అంతమంది ఉన్నా, బొమ్మ అడ్డై పిల్ల ఎవరికీ కనపడలేదు. అప్పటినుంచి రోజూ చీకటిపడ్డాక దుర్గాశ్రీ వచ్చి, నీళ్లలో వదిలేసిన బొమ్మలన్నీ ఒడ్డుకు తీసేది.

ఆ రోజు వాచ్‌మన్ త్రిమూర్తులు ఎదురొచ్చాడు. "ఇవాళ ఎవరూ దిగలేదమ్మా. బొమ్మలన్నీ గదిలో పెట్టి తాళం వేసేశానండి. ఇంటికెళ్లండి."

అయినా ఆమె వెళ్లి చూసింది. నీళ్ల మధ్యలో తెల్లటి హంస ఉంది. ఆకు కూడా కదలడం లేదు. హంస మాత్రం మెల్లగా ఆమె దగ్గరికి వచ్చి ఆగింది.

దుర్గాశ్రీ దాని మెడ పట్టుకుని లాగింది. రాలేదు. కిందనుంచి చిన్న చేతులేవో పట్టుకుని వేలాడుతున్నంత బరువుంది.

"అమ్మనే, వచ్చేశాను తల్లీ," అంది.

ఆమె దాన్ని పైకి లాగలేకపోయింది. వదల్లేకపోయింది.